నాలుగు చేతులకు ఎంతమంది పిల్లలు? ఇంట్లో డే కేర్ ఫీజు లెక్క

"పక్క గల్లీల మూడు వేలు తీసుకుంటున్నరంట, మనం రెండున్నర పెడదాం."

మహబూబ్‌నగర్‌లో గానీ నల్లగొండలో గానీ ఇంట్లో డే కేర్ తెరిచేవాళ్ళ ఫీజు చాలాసార్లు ఈ ఒక్క మాటతోనే తేలిపోతుంది. పక్క గల్లీ ఆమె దగ్గర ఎంతమంది పిల్లలున్నారు, ఆయమ్మ ఉందా, మధ్యాహ్నం అన్నం ఆమే పెడుతుందా, తల్లులు డబ్బా కట్టి పంపుతారా, సాయంత్రం ఎన్నింటికి తలుపు మూస్తుంది? ఇవేవీ తెలుసుకోకుండానే ఆమె ధర పట్టుకుని మనది కొలుచుకుంటాం. ఆమె సొంతింట్లో, అత్తమ్మ సాయంతో, మూడేళ్ళు దాటిన పన్నెండు మందిని ఒంటిగంట దాకా చూస్తుంటే మూడు వేలు ఆమెకు బంగారం. అదే మూడు వేలకు మీరు తొమ్మిది నెలల బిడ్డను పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా ఎత్తుకుంటే నెలనెలా చేతి చమురు వదిలినట్టే.

అందుకే ముందు చేతులు లెక్కపెట్టాలి, పిల్లల తలలు ఆ తర్వాత.

నడక రాని చేతిబిడ్డలు ఒక మనిషికి ముగ్గురిని మించితే పని సాగదు. ఒకరికి పాలు పడుతుంటే ఇంకొకరికి డైపర్ మార్చాలి, మూడోవారు నిద్రలేచి ఏడుస్తుంటారు. ఏడాదిన్నర నుంచి మూడేళ్ళ లోపు పిల్లలైతే ఐదుగురు. వీళ్ళు ఒళ్ళో ఉండరు గానీ ఏది దొరికితే అది నోట్లో పెట్టుకుంటారు, ఒకరి బొమ్మ ఒకరు గుంజుకుంటారు, కొరుకుతారు. మూడు దాటి ఆరు లోపు వాళ్ళను ఒక మనిషి తొమ్మిది మంది దాకా చూడగలదు. బాత్రూం వస్తే వాళ్ళే చెప్తారు, సగం అన్నం కింద పోసినా మిగతా సగం వాళ్ళే తింటారు. మీ ఇల్లు, మీ ఓపిక చూసుకుని ఈ సంఖ్యల్లో ఒకటి తగ్గించుకోండి. పెంచకండి.

ఇప్పుడు దీన్ని వంతుల్లోకి మార్చుకోవాలి. ఒక మనిషి చూడగలిగే పని మొత్తం 9 వంతులనుకోండి. మూడేళ్ళు దాటిన బిడ్డ 1 వంతు. నడిచే చిన్నపిల్ల, 9ని 5తో భాగిస్తే, 1.8 వంతులు. చేతిబిడ్డ, 9ని 3తో భాగిస్తే, 3 వంతులు. మీరూ ఒక ఆయమ్మా ఇద్దరుంటే ఆ ఇంట్లో మొత్తం 18 వంతులున్నట్టు. ఇద్దరు చేతిబిడ్డలకు 6, ఐదుగురు నడిచే పిల్లలకు 9, ముగ్గురు పెద్దపిల్లలకు 3, సరిగ్గా 18. పదిమంది పిల్లలు. సీట్లు నిండినట్టే.

పదకొండో బిడ్డ దగ్గరే చాలా ఇండ్లలో కథ తప్పుతుంది. "ఒక్కరే కదా" అని తీసుకుంటారు. ఆ ఒక్కరు చేతిబిడ్డ అయితే 3 వంతులు, అంటే ముగ్గురు పెద్దపిల్లలను తెచ్చుకున్నట్టు. రెండు వారాల్లో ఆయమ్మ నడుం పట్టేసిందని ఫోన్ చేస్తుంది. ఆమె రాని రోజు నాలుగు చేతుల్లో రెండే మిగులుతాయి, పిల్లలు మాత్రం పదకొండు మందీ వస్తారు.

ఖర్చు రాసేటప్పుడు

ఒక నోటుబుక్ తీసి రెండు పేజీలు చెయ్యండి. ఒకదాంట్లో మనుషుల ఖర్చు, రెండోదాంట్లో ఇంటి ఖర్చు. ఈ రెండింటినీ కలిపి రాస్తే తర్వాత లెక్క తెగదు. మనుషుల ఖర్చును వంతుల మీద పంచాలి, ఇంటి ఖర్చును తలల మీద పంచాలి. కింద వేసిన అంకెలు ఉదాహరణ కోసం మాత్రమే. పద్ధతి తీసుకుని అంకెలు మీ ఊరివి వేసుకోండి.

మనుషుల పేజీ: ఆయమ్మ జీతం 10,000. దసరాకు ఒక నెల జీతం బోనస్‌గా ఇస్తే దాన్ని పన్నెండుతో భాగించి నెలకు 830. ఆయమ్మ నెలకు రెండు రోజులు రాకపోతే బదులు మనిషికి రోజుకు 450 చొప్పున 900. మీ జీతం 15,000. మొత్తం 26,730.

"నా జీతం" గీత చాలామంది రాయరు. సొంత మనిషికి జీతమేంటని. ఆ గీత లేకుండా కట్టిన ధరతో ఏడాది తర్వాత రెండో ఆయమ్మను పెట్టాల్సి వస్తే ఆమె జీతం ఎక్కడినుంచి తెస్తారు? మీకే జ్వరం వచ్చి వారం పడుకుంటే మీ బదులు నిలబడే మనిషికి ఏమిస్తారు? మొదటి నెలల్లో ఆ 15,000 చేతికి రాకపోవచ్చు. అయినా ధరలో ఉండాలి.

ఇంటి పేజీ: కిరాయి 3,500. సొంతిల్లు అయినా రాయాలి, ఎందుకంటే ఆ రెండు గదులు ఎవరికైనా కిరాయికిస్తే వచ్చే పైసలవి. కరెంటు 1,600. రోజుకొక 20 లీటర్ల నీళ్ళ క్యాన్, 26 రోజులకు 520. ఫినాయిల్, సబ్బులు, టిష్యూలు, గ్లౌజులు, డైపర్లకు కవర్లు 1,300. రంగులు, కాగితాలు, విరిగిన బొమ్మల బదులు కొత్తవి 600. ఇంటర్నెట్, ఫోన్, కెమెరా 700. మరమ్మతులు, లైసెన్స్ ఫీజులు, ఇన్సూరెన్స్‌కు నెలకింత అని 500. ఇక మొదట్లో పెట్టిన పెట్టుబడి: పరుపులు, మ్యాట్లు, మెట్ల దగ్గర గేటు, పాటీ సీట్లు, ఇన్వర్టర్, స్విచ్ బోర్డులు పైకెత్తించిన ఖర్చు అన్నీ కలిపి 72,000 అయ్యిందనుకోండి. మూడేళ్ళలో రాబట్టుకోవాలంటే నెలకు 2,000. మొత్తం 10,720.

ఈ పేజీ రాసేటప్పుడు మూడు సంగతుల మీద కొంచెం ఆగాలి.

కరెంటు. ఏడాదిలో తొమ్మిది నెలలు 1,100, ఏప్రిల్, మే, జూన్ మూడు నెలలు 3,100 అనుకుంటే సగటు 1,600 వస్తుంది. జనవరి బిల్లు చూసి ధర కడితే మన దక్షిణ తెలంగాణ ఎండల్లో ఏప్రిల్ నాటికి దొరికిపోతారు. ఇంకో సంగతి గృహజ్యోతి. తెల్లకార్డు ఇంటికి 200 యూనిట్ల దాకా జీరో బిల్లు వస్తుంది, 200 దాటితే ఆ నెల మొత్తం బిల్లు కట్టాల్సిందే. ఇంట్లో మామూలుగా 130 యూనిట్లు కాలుతున్నాయనుకోండి. 200 వాట్ల కూలర్ రోజుకు 8 గంటల చొప్పున 26 రోజులు తిరిగితే దగ్గరదగ్గర 42 యూనిట్లు. రెండు కూలర్లకు 83. మొత్తం 213. పదమూడు యూనిట్ల కోసం జీరో బిల్లు మొత్తం పోతుంది. అసలు ఆ పథకం ఇంటి వాడకానికే గాని వ్యాపారానికి కాదు. ఇంట్లో వ్యాపారం నడిపితే కనెక్షన్ కేటగిరీ మారే అవకాశం ఉంది కాబట్టి ముందే విద్యుత్ ఏఈ ఆఫీసులో అడిగి, జీరో బిల్లు వస్తుందన్న ఆశ లేకుండా ధర కట్టండి. గ్యాస్ కూడా అంతే. 14.2 కిలోల ఎర్ర సిలిండర్ ఇంటి వంటకు, వ్యాపారానికి 19 కిలోలది.

నీళ్ళు. నల్లగొండ జిల్లాలో మర్రిగూడ, మునుగోడు వైపు బోరు నీళ్ళ ఫ్లోరైడ్ గురించి ఎవరికీ చెప్పనక్కర్లేదు. పాలపొడి కలపడానికి నీళ్ళు మరగబెడితే క్రిములు చస్తాయి గాని ఫ్లోరైడ్ పోదు, నీళ్ళు ఇగిరిన కొద్దీ చిక్కబడుతుంది. చేతిబిడ్డలున్న ఇంట్లో తాగడానికి, పాలు కలపడానికి మిషన్ భగీరథ నీళ్ళో, నమ్మకమైన ఫిల్టర్ నీళ్ళో ఉండాలి. ఆ 520ని పొదుపు చేద్దామనుకోకండి.

అన్నం. నా సలహా అయితే మధ్యాహ్నం భోజనం డబ్బాలోనే రావాలి. ఇద్దరే ఉన్న ఇంట్లో ఒకరు పొయ్యి దగ్గర నిలబడితే 18 వంతులు ఒక్కసారిగా 9 అవుతాయి. తొమ్మిదింటికి ముందే వండి పెట్టుకోగలిగితే వేరే మాట. వండిపెడితే ఖర్చు ఇలా చూసుకోవచ్చు: 150 మిల్లీలీటర్ల పాలు 9 రూపాయలు, పప్పన్నమో కిచిడో 12, అరటిపండు 5, గుడ్డు 7, రోజుకు 33. పాతిక రోజులకు 825, గ్యాస్ కలిపి 900 అనుకోండి. దీన్ని ఫీజులో కలపకుండా విడిగా రాయండి. అన్నం వండిపెట్టే వాళ్ళు ఫుడ్ సేఫ్టీ రిజిస్ట్రేషన్ తీసుకోవాలి, చిన్న వ్యాపారాలకు ఏడాదికి 100 రూపాయలే. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాల నమోదు) ఆధార్‌తో ఆన్‌లైన్‌లో ఉచితం, ఎవరికీ పైసలివ్వకండి. సేవల వ్యాపారానికి ఏడాదికి 20 లక్షలు దాటితే గాని జీఎస్‌టీ గొడవ లేదు, పదిమంది పిల్లల ఇంటికి ఆ బెంగ అక్కర్లేదు. ట్రేడ్ లైసెన్స్ సంగతి మున్సిపల్ ఆఫీసులో కనుక్కోండి.

పదికి కాదు, ఎనిమిదికి

ఇప్పుడు భాగహారం. పది సీట్లున్నాయి కాబట్టి పదిమందికి పంచుదామనిపిస్తుంది. పది సీట్లూ పన్నెండు నెలలూ నిండి ఉండే డే కేర్ ఉండదు. ఒకరు బడిలో చేరతారు, ఒకరికి బదిలీ అవుతుంది, ఒకరి నానమ్మ ఊర్నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోతుంది. పదికి ఎనిమిది నిండుతాయని లెక్క వెయ్యండి. అంటే 18 వంతుల్లో 14.4, పది తలల్లో 8.

మనుషుల ఖర్చు 26,730ని 14.4తో భాగిస్తే ఒక వంతుకు 1,856. ఇంటి ఖర్చు 10,720ని 8తో భాగిస్తే తలకు 1,340. ఇక కూడుకోవడమే.

మూడేళ్ళు దాటిన బిడ్డకు 1,856, 1,340 కలిపి 3,196. అంటే 3,200.
ఏడాదిన్నర నుంచి మూడేళ్ళ లోపు బిడ్డకు 1.8 వంతులకు 3,341, దానికి 1,340 కలిపితే 4,681. అంటే 4,700.
చేతిబిడ్డకు మూడు వంతులకు 5,568, దానికి 1,340 కలిపితే 6,908. అంటే 6,900.

పది సీట్లూ నిండిన నెల ఎంత వస్తుందో చూడండి. ఇద్దరు చేతిబిడ్డలు 13,800, ఐదుగురు 23,500, ముగ్గురు 9,600, మొత్తం 46,900. ఖర్చు 37,450 పోగా 9,450 మిగులు. ఈ మిగులు ఖాళీ నెలలకు దాచాల్సింది, చీరలకు కాదు. అటువైపు, అప్పుడే తెరిచిన ఇంట్లో నలుగురే నడిచే పిల్లలుంటే 18,800 వస్తుంది. మీ జీతం, సొంతింటి కిరాయి, పెట్టుబడి వాపసు, ఈ మూడూ పక్కనపెడితే జేబులోంచి నిజంగా బయటికి పోయేది 16,950. అంటే నలుగురితో ఇల్లు నడుస్తుంది, మీ కష్టం మాత్రం ఉచితం. అలా ఎన్ని నెలలు నడపగలరో ఇంట్లో ముందే మాట్లాడుకోండి. ఆరు నెలలు దాటితే నా లెక్కలో ఆలోచించాల్సిందే.

చేతిబిడ్డకు 6,900 ఎవరిస్తారు?

ప్రైవేటులో ప్రసూతి సెలవు 26 వారాలు, ప్రభుత్వోద్యోగినులకు 180 రోజులు. డెలివరీకి ముందు కొంత వాడుకుంటారు కాబట్టి ఫోన్ వచ్చేసరికి బిడ్డకు నాలుగైదు నెలలుంటాయి. తల్లి అడిగే మొదటి ప్రశ్న "ఎంత?" రెండోది "ఎత్తుకుంటారా?" 6,900 అంటే ముఖం మారుతుంది. ఇక్కడే అందరూ జారిపోతారు. "సరే, ఐదు వేలివ్వమ్మా" అంటారు. నెలకు 1,900 తగ్గించినట్టు. ఆ తేడా ఎక్కడికీ పోదు, మూడు వేల రెండొందలిచ్చే పెద్దపిల్లల తల్లులు తమకు తెలియకుండానే ఆ బిడ్డ బరువు మోస్తారు. వాళ్ళ పిల్లలకు దక్కాల్సిన చేతులు తగ్గుతాయి.

ధర అలాగే ఉంచి, చేతిబిడ్డల సీట్లను ఒకటికి దించండి, లేదా అసలు తీసుకోకండి. ఖాళీ అయిన ఆ మూడు వంతుల్లో ఒక నడిచే బిడ్డ, ఒక పెద్దబిడ్డ పడతారు. 4,700, 3,200 కలిపి 7,900. వంతులు 2.8 మాత్రమే. నిండితే ఇదే మేలు. అయినా చేతిబిడ్డను ఎందుకు తీసుకోవాలంటే, ఆరు నెలలప్పుడు వచ్చిన బిడ్డ బడికి పోయే దాకా మీ దగ్గరే ఉంటుంది. రెండున్నరేళ్ళ పాటు ఒక సీటుకు కొత్త తల్లిని వెతుక్కునే పనుండదు. ఆ బిడ్డకు ఏడాదిన్నర నిండిన తర్వాతి నెల నుంచి ఫీజు 4,700కు దిగుతుందని మొదటి రోజే కాగితం మీద చూపించండి. తగ్గే ఫీజు విన్న తల్లికి 6,900 అంత బరువనిపించదు.

పోల్చి చూపడానికి ఒక కొలత ఉంది. ఇంటికి ఆయమ్మను పెట్టుకుంటే ఆమె ఒక్కదానికే పది వేలు. ఆమె రాని రోజు తల్లి సెలవు పెట్టాలి. ఇంకో కొలత తల్లి జీతం. డే కేర్ ఫీజు ఆమె జీతంలో పావు వంతు దాటితే కొద్ది నెలల్లోనే "నేనే మానేస్తే పోలా" అనే ఆలోచన ఇంట్లో మొదలవుతుంది. 4,700 కట్టాలంటే జీతం 19,000 దగ్గర ఉండాలి. ప్రభుత్వ టీచర్లు, స్టాఫ్ నర్సులు, బ్యాంకు వాళ్ళు, మెడికల్ కాలేజీలో పనిచేసేవాళ్ళు, జడ్చర్ల పోలేపల్లి ఫార్మా కంపెనీల్లో కాస్త పై ఉద్యోగాల వాళ్ళు ఇస్తారు. పన్నెండు వేల జీతపు ప్రైవేటు బడి టీచరమ్మ ఇవ్వలేదు, ఆమెను బతిమాలీ లాభం లేదు. ఆమె బిడ్డకు మూడేళ్ళు దాటితే అంగన్‌వాడీ ఉంది, పైసా లేకుండా చదువూ అన్నం గుడ్డు అన్నీ దొరుకుతాయి. మూడు దాటిన పిల్లల విషయంలో మీరు ధరలో అంగన్‌వాడీతో పోటీ పడలేరు, పడకూడదు. అక్కడ సాయంత్రం మూసిన తర్వాతి గంటలే మీవి.

గంటలు, సెలవులు, ఒంటిపూట బడులు

పూర్తి రోజంటే తొమ్మిది గంటలు. సగం రోజు అడిగే తల్లికి సగం ఫీజు చెప్పకండి. ఒంటిగంటకు బిడ్డ పోయాక ఆ సీట్లోకి రెండో బిడ్డ వస్తుందన్న నమ్మకం లేదు. నూటికి 65 చెప్పండి: 4,700కు 3,050. మధ్యాహ్నం సీటుకు కూడా బిడ్డ దొరికిన నాడు 60కి దిగవచ్చు.

బడి అయ్యాక నాలుగింటి నుంచి ఆరు దాకా వచ్చే పెద్దపిల్లలకు గంటల లెక్కన చూస్తే 700 అవుతుంది. కానీ ఆ రెండు గంటలే ఇంట్లో అందరికన్నా రద్దీ. చిన్నపిల్లలు నిద్రలేచి ఏడుస్తుంటారు, తల్లులు వస్తుంటారు, గేటు దగ్గర ఒక మనిషి ఉండాలి. సాయంత్రం ఐదింటికి ఇంట్లో ఎన్ని వంతులున్నాయో చూసుకుని సీటివ్వండి. ఫీజు పూర్తి రోజు దాంట్లో సగానికి దగ్గరగా, 1,500.

మార్చి పదిహేను వచ్చేసరికి ఒంటిపూట బడులు మొదలవుతాయి. ఆ పిల్లలే మధ్యాహ్నం పన్నెండున్నర దాటగానే మీ గుమ్మం ముందు ఉంటారు. రెండు గంటల ఫీజుకు ఐదు గంటలు. పైగా ఆకలితో. ఈ సంగతి జూన్‌లో చేర్చుకునేటప్పుడే ఫీజు కాగితంలో రాయకపోతే మార్చిలో అడగడానికి నోరు రాదు. "ఒంటిపూట బడుల నెలల్లో 2,300, ఎండాకాలం సెలవుల్లో పూర్తి రోజు 3,200" అని ఒక గీత చాలు.

టీచర్ల పిల్లల లెక్క దీనికి తలకిందులు. ఏప్రిల్ చివర్లో బడులు మూస్తే మళ్ళీ జూన్ 12. దాదాపు ఏడు వారాలు తల్లి ఇంట్లోనే, బిడ్డ రాదు, ఫీజు రాదు, ఆయమ్మ జీతం మాత్రం ఆగదు. టీచర్లే ఎక్కువున్న చోట మే నెలకు సగం ఫీజు, 2,350, సీటు ఉంచినందుకని తీసుకోండి. జూన్‌కు కూడా సగమే ఇస్తామంటే ఒప్పుకోవచ్చు. ఎందుకంటే ఆ ఖాళీలోకి నర్సులు, బ్యాంకు వాళ్ళ బడి పిల్లలు 3,200కు వస్తారు. 2,350, 3,200 కలిపితే 5,550, మామూలు నెల కన్నా ఎక్కువే. ఎండాకాలం పిల్లల కోసం మార్చి నుంచే చెప్పుకోవాలి, మే వచ్చాక వెతికితే అమ్మమ్మ ఊళ్ళకు పోయి ఉంటారు.

బతుకమ్మ, దసరాకు తల్లిగారింటికి పోయి పది రోజుల తర్వాత వచ్చి "పది రోజులు రాలే కదక్కా, తీసెయ్యండి" అంటారు. నెల ఫీజు సీటుకు గాని రోజులకు కాదు. ఈ ఒక్క విషయంలో గట్టిగా ఉండండి. దానికి బదులు మీ సెలవులు కూడా ముందే రాసివ్వాలి: సద్దుల బతుకమ్మ, దసరా, సంక్రాంతి, ఉగాది, రంజాన్, పాలమూరు వైపైతే ఆయమ్మ కురుమూర్తి జాతరకు పోయే రోజు. జాతర రోజు ఆమె రాదని తెలిసి కూడా బదులు మనిషిని చూసుకోకపోతే తప్పు ఆమెది కాదు.

జ్వరం వచ్చిన రోజులకు మాత్రం నేను వేరేగా చెప్తాను. ఫీజు ఎలాగూ కట్టాం కదా అని సిరప్ తాగించి పంపిస్తారు, మధ్యాహ్నం మందు దిగిపోగానే ఒళ్ళు కాలుతుంది, వారంలో నలుగురికి అంటుకుంటుంది. వరుసగా మూడు రోజులు దాటి ఇంట్లో ఉంచుకుంటే రోజుకు 100 చొప్పున వచ్చే నెలలో తగ్గిస్తామని రాయండి. ఐదు రోజులకు 500. నలుగురు పిల్లలు రాకుండా పోయే వారం కన్నా చవక.

ఆలస్యం ఫీజు కోపంతో కాకుండా లెక్కతో ఉండాలి. మహాలక్ష్మి పథకంతో 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్ళకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులు ఉచితం కాబట్టి పక్క ఊళ్ళ నుంచి వచ్చే ఆయమ్మకు దారి ఖర్చు లేదు. కానీ ఆరున్నర బస్సు తప్పితే ఆటోకు 150 మీరే ఇవ్వాలి. పది నిమిషాలు ఊరికే వదిలి, ఆపైన ప్రతి పావుగంటకు 50. మొదటిసారి మాఫీ చేసి ఆ సంగతి చెప్పండి. రెండోసారి నుంచి అక్కడికక్కడ అడగొద్దు, గుమ్మంలో పైసల మాట ఇద్దరికీ ఇబ్బంది. నెలాఖరు చీటీలో రాయండి. ఫార్మా షిఫ్టుల వాళ్ళు పొద్దున ఆరింటికే వదులుతామంటే అది ఆలస్యం కిందికి రాదు, వేరే సర్వీసు. మీ నిద్ర, ఆయమ్మ రాకముందు మీరొక్కరే ఉండే గంటలు. ఒక్క బిడ్డ కోసం ఒప్పుకోకండి, ముగ్గురు కలిస్తే తలకు 1,000 ఎక్కువ.

తగ్గింపులు, అడ్వాన్సు

"అక్కా, జర తగ్గించుండ్రి, మాకు ఇద్దరున్నరు." అన్నాచెల్లెళ్ళకు తగ్గింపు ఇవ్వండి గాని పెద్దబిడ్డ ఫీజులో నూటికి పది ఇవ్వండి. చేతిబిడ్డ ఫీజులో ఇస్తే 690 పోతుంది, పెద్దబిడ్డలో 320. తల్లికి రెండూ "పది శాతం" లాగే వినిపిస్తాయి. చుట్టాల పిల్లలకు చీటీ మీద పూర్తి ఫీజు రాసి కింద "తగ్గింపు" అని విడిగా రాయండి. లేకపోతే వాళ్ళకిచ్చిన ధరే కాలనీ ధర అవుతుంది, వారం పట్టదు. ఎవరైనా ఎంత బేరమాడినా ధర తగ్గించకుండా గంటలు తగ్గించండి: నాలుగు వేలే ఇవ్వగలనంటే నాలుగున్నర దాకా ఉంచుకుంటామనండి.

మొదట్లో పిల్లలు రావాలని "తొలి మూడు నెలలు సగం ఫీజు" పెట్టే అలవాటుంది. నాలుగో నెల సగం మంది వెళ్ళిపోతారు, ఉన్నవాళ్ళు రెట్టింపు చేశారంటారు. ఫీజు జోలికి పోకుండా తొలి ఆరుగురికి 1,000 అడ్మిషన్ ఫీజు వదిలెయ్యండి. బిడ్డ అలవాటు పడేందుకు మూడు రోజులు రోజుకు రెండు గంటలు తల్లితో పాటు ఉచితం. ఆ మూడు రోజుల్లో మీరూ బిడ్డను చూస్తారు, అది మీకూ అవసరమే.

ఒక నెల ఫీజు అడ్వాన్సు. మానేసేటప్పుడు 30 రోజుల ముందు చెప్తే చివరి నెలకు జమ. చెప్పకుండా మానేస్తే తిరిగి రాదు. ఫీజు గడువు మాత్రం అందరికీ ఒకటే పెట్టకండి. ప్రభుత్వోద్యోగికి ఐదో తేదీ, కంపెనీ జీతాలు ఏడుకో పదికో పడేవాళ్ళకు పన్నెండు. రెండో నెల ఇరవయ్యో తేదీ దాకా రాకపోతే అడ్వాన్సు అప్పటికే కరిగిపోయినట్టు, ఆ రోజే మాట్లాడాలి. యూపీఐ కోసం ఇంటి ఖర్చుల ఖాతా కాకుండా వేరే ఖాతా పెట్టుకోండి. లేకపోతే పిల్లల ఫీజు పాలవాడికి, కిరాణాకు పోయి నెలాఖరుకు ఆయమ్మ జీతం దగ్గర తేలుతుంది.

డైపర్లు, పాలపొడి, మందులు తల్లులవే. మీ డైపర్ వాడాల్సి వస్తే ఒకటికి 20 అని రాసి పెట్టండి. ఇది చిన్నదిగా అనిపిస్తుంది గాని రోజుకొకటి మరిచిపోయే ఇద్దరు తల్లులుంటే నెలకు వెయ్యి.

ఆసుపత్రో కంపెనీయో వచ్చి అడిగితే కూడా ఇదే లెక్క. 50 మంది, ఆపైన పనిచేసే సంస్థ క్రెష్ (పనిచేసేవాళ్ళ పిల్లలను చూసుకునే చోటు) సౌకర్యం కల్పించాలని చట్టం. సొంతంగా పెట్టుకోలేని వాళ్ళు దగ్గర్లోని డే కేర్‌లో సీట్లు మాట్లాడుకుంటారు. బిడ్డ వచ్చినా రాకపోయినా సీటుకు పైసలన్న ఒప్పందం రాతలో ఉండాలి. బిల్లు పెట్టిన నెలా నెలన్నరకు గాని పైసలు రాకపోవచ్చు, అన్నాళ్ళు ఆయమ్మ జీతానికి చేతిలో ఉంటేనే ఒప్పుకోండి.

ఫీజు పెంచేది ఏడాదికొక్కసారే, బడులు తెరిచే జూన్‌లో. చెప్పేది ఏప్రిల్‌లో. అంతకుముందు మార్చిలో కూర్చుని నోటుబుక్ రెండు పేజీలూ మళ్ళీ రాయండి. ఆయమ్మ జీతం 10,000 నుంచి 11,000 అయితే, దాంతో బోనస్ కూడా పెరిగి, నెలకు 1,083 కొత్త ఖర్చు. 14.4తో భాగిస్తే వంతుకు 75. పెద్దబిడ్డకు 75, నడిచే బిడ్డకు 135, చేతిబిడ్డకు 225. అందరికీ ఒకేలా మూడొందలు పెంచితే చేతిబిడ్డ తల్లికి లెక్కకన్నా 75 ఎక్కువ, పెద్దబిడ్డ తల్లికి 225 ఎక్కువ పడతాయి. ఇద్దరిలో ముందు వెళ్ళిపోయేది ఆ పెద్దబిడ్డ తల్లే. ఎందుకు పెంచుతున్నారని అడిగిన వాళ్ళకు ఆయమ్మ జీతం గీత చూపించండి. మీ జీతం గీత చూపించనక్కర్లేదు.